సార్ నుదుటి రూపాయి

మా సోషల్ సార్ నుదుట దొంగ రూపాయి పెట్టారు. పెట్టిందెవరో కూడా చెబుతాను: మన ఇబ్రహీంపట్నం అంగట్లో గుడ్డ పరిచి పాత నాణేలు అమ్మే వ్యాపారి. పోయిన శుక్రవారం పొద్దున సార్ హయత్‌నగర్ దవాఖానలో కన్నుమూశారు. మధ్యాహ్నానికి ఇంటికి తెచ్చాం. స్నానం చేయించి, బొట్టు పెట్టి, నుదుట రూపాయి బిళ్ళ అంటించే వేళకు ఆ వ్యాపారి పూలదండతో దిగాడు.

"సార్‌కు మామూలు బిళ్ళ పెడ్తరా? వెండి రూపాయి పెట్టాలె" అని వీధంతా వినపడేలా అని, చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయి తీసి, పసుపు ముద్దలో అద్ది నుదుట నొక్కాడు. మంచి మనిషని నలుగురూ మెచ్చుకున్నారు. నేను కూడా తలాడించాను.

ఇప్పుడు అంగట్లో కూర్చుని వాడు చెబుతున్న మాట విన్నారా? "సార్ నుదుట మెరిసింది నా దగ్గరి రూపాయే. గంతకంటె గ్యారంటీ ఏంగావాలె?"

సార్ బతికుండగా ఆ గ్యారంటీ కోసమే వాడు ఇంటి చుట్టూ తిరిగాడు. ఒకసారి నేనక్కడే ఉన్నాను. "సార్, నా సరుకు మంచిగున్నదని ఒక్క మాట చెప్పుండ్రి, చాలు" అన్నాడు. సార్ ఒక నాణెం తిప్పి చూసి, "చెప్త. గట్టిగనే చెప్త. దొంగదని" అన్నారు. తర్వాత వాడికి మంచినీళ్లిచ్చి పంపించారు. ఆ నీళ్లు నాకు నచ్చలేదు. కానీ సార్ అంతే.

రిటైరయ్యాక సార్, నాణేలు పోగేసే పిచ్చి కొత్తగా పట్టిన మాలాంటి వాళ్లకు ప్రతి ఆదివారం తన అరుగు మీద పాఠం చెప్పేవారు. నాణెం ముట్టేముందు చేతులు కడుక్కునేవారు. వేడి పాలగిన్నె పట్టుకున్నట్టు అంచులతోనే పట్టుకునేవారు. చేరిన కొన్ని వారాలకు నేను మొదటిసారి తీసుకుపోయింది ఒక రాగి బిళ్ళ. ఒకవైపు రాములవారి పట్టాభిషేకం, రెండోవైపు ఈస్ట్ ఇండియా కంపెనీ పేరు. రెండు వందల ఏళ్ల నాటిదని దారిపొడుగునా గొప్ప చెప్పుకుంటూ వెళ్లాను.

చంకలో ఎప్పుడూ కరపత్రాలు ఉంటాయని సార్ నన్ను లీడర్ అనేవారు. "ఏం లీడర్, కంపెనోళ్లు దేశాన్ని దోసుకున్నరని మొన్న చదివి వినిపిస్తివి గదా?"

"అవ్ సార్."

"దోసుకునేటోడు రాములవారికి పట్టాభిషేకం గూడ చేసిండా? గిది జాతరల్ల అమ్మే బిళ్ళరా. ఏనాడూ చెలామణిల తిరగలే."

అరుగంతా నవ్వింది. అందరికంటే ముందు నవ్వింది కందుకూరు నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి. నా తర్వాత చేరి, నాకంటే ముందు నేర్చుకున్న అమ్మాయి. ఆరోజు మొదలైన మంట ఇంకా ఆరలేదు. ఆర్పాలని నేను ప్రయత్నించనూ లేదు.

సార్ నేర్పిన పని పైకి చిన్నదే. ముందు అంచు చూడాలి. అసలుదానికి గీతలు సమంగా ఉంటాయి, పోత పోసినదానికి చుట్టూ సన్నని అతుకు కనబడుతుంది. అక్షరాల మధ్య సూదిమొన దిగినట్టు గుంతలుంటే అనుమానించాలి. తర్వాత తూకం. మన ఇళ్లలో దీపావళికి వెండి రూపాయలకు పసుపు కుంకుమ పెడతాం కదా, దొంగవాడికీ ఆ సంగతి తెలుసు. "ఏండ్ల పసుపు మూలలల్ల నల్లబడి గట్టిపడ్తది. నిన్న పూసింది బొటనవేలికి అంటుతది" అనేవారు. ఆఖరున అరుగుకు పరిచిన షాబాద్ బండ మీద జానెడు ఎత్తు నుంచి విడిచేవారు. వెండి ఖంగుమని, ఆ ఖంగు సాగి సాగి పోతుంది. దొంగది టప్పుమని పడి ఊరుకుంటుంది. "ఒక్క పరీక్షతోని తీర్పు చెప్పకుండ్రి. నాణేనికైనా మనిషికైనా" అని కూడా అనేవారు.

ఒక ఆదివారం నన్నూ ఆ కందుకూరు అమ్మాయినీ కళ్లు మూసుకోమని బండ మీద రూపాయలు వరసగా విడిచారు. ఆమె దొంగదాన్ని ఠక్కున పట్టుకుంది. నేను మంచిదాన్ని దొంగదన్నాను.

"కోపమున్నోనికి ముందుగాల చెవులే మూసుకుంటయి లీడర్. లోపట నువ్వే ఒర్లుతున్నవ్, ఇంక రూపాయి మాటేం వినపడ్తది?"

ఆమెకు తన భూతద్దం ఇచ్చారు. నాకు చాయ్ పోశారు. సమానత్వం మీద నేను చదివిన కరపత్రాల్లో, ఒకరి చెవికీ ఇంకొకరి చెవికీ ఇంత తేడా ఎందుకో ఎవరూ రాయలేదు.

శుక్రవారం పాడె ఎత్తారు. డప్పులు మోగుతున్నాయి. నేను ముందు కొమ్ము పట్టుకున్నాను, ఆ చోటు కూడా ఇంకెవరికీ దక్కకూడదని. గడప దాటుతుంటే పాడె కాస్త ఒరిగి, నుదుటి రూపాయి జారి బండ మీద పడింది. ఆ వ్యాపారి అప్పటికే వీధి మొదట్లో నలుగురితో మాట్లాడుతున్నాడు. నాకు డప్పులే వినపడ్డాయి.

"ఆగుండ్రి" అంది కందుకూరు అమ్మాయి.

వంగి రూపాయి తీసింది. బొటనవేలితో రుద్దింది. పసుపంతా పోయి, గుంతలు పడ్డ చార్మినార్ బయటపడింది. అంత డప్పుల మోతలో ఆమెకు ఆ టప్పు వినపడింది. నా కాళ్ల పక్కన పడిన చప్పుడు! నాకెందుకు వినపడలేదు?

"వాణ్ని ఇడ్సిపెట్ట" అని నేను పాడె కొమ్ము వదలబోయాను.

"గిప్పుడు గాదన్న. ముందుగాల సార్‌ను పోనియ్యి."

సార్ భార్య, మేమందరం అమ్మ అని పిలిచే ఆమె, ఆ రూపాయిని ఒకసారి చూసింది. లోపలికి వెళ్లి పోపుల డబ్బాలోంచి ఒక మామూలు రూపాయి తెచ్చి, కొంగుతో తుడిచి సార్ నుదుట పెట్టింది. "గిది నిజందే. మొన్న పాలాయన చిల్లరిచ్చిండు" అంది. ఆ రూపాయితోనే సార్ వెళ్లారు.

దొంగ రూపాయి కందుకూరు అమ్మాయి దస్తీలో ముడివేసి ఉంది. సాక్ష్యం కూడా ఆమె దగ్గరే!

కాబట్టి, ఆ వ్యాపారి దగ్గర సార్ పేరు విని నాణేలు కొన్నవాళ్లంతా ఈ ఆదివారం పొద్దున తొమ్మిది గంటలకు సార్ అరుగు దగ్గరికి రండి. మీ రూపాయలు పట్టుకు రండి. ఆ వ్యాపారికి కూడా కబురు పంపాను, కనబడితే మీరూ రమ్మనండి. నినాదాలు వద్దు. డప్పులు అసలే వద్దు. అమ్మ బండ కడిగి పెడతానంది. ఒక్కొక్క రూపాయినీ జానెడు ఎత్తు నుంచి నేను విడుస్తాను. కందుకూరు అమ్మాయి కళ్లు మూసుకుని వింటుంది. నా కడుపు మండుతూనే ఉంటుంది, నోరు మాత్రం మూసుకునే ఉంటాను. రూపాయి గాలిలో ఉన్న ఆ కాసేపు మీరు కూడా మాట్లాడకండి.