ముత్తాత కత్తి, టిష్యూ పొట్లం

దొర మీద కత్తి దూసినందుకు మా ముత్తాతకు సింగపూర్ ద్వీపాంతర శిక్ష పడిందని ఊరంతా చాటినవాణ్ని నేను. కంప్యూటర్ ఉద్యోగాల జోరులో మా అబ్బాయి అక్కడికే చేరడంతో, ముత్తాత జాడ వెతకడానికి ఎగిరి గంతేసి విమానమెక్కాను.

ఓ రోజు అక్కడి సెంబవాంగ్ పేటలో, హాకర్ సెంటర్ అనే కిక్కిరిసిన తిండి అంగళ్ల చావడిలో ఖాళీ బల్ల దొరికింది. దాని మీద ఎవరో మరిచిపోయిన టిష్యూ పొట్లం! "హమ్మయ్య" అంటూ ఒకటి లాగి మొహం తుడుచుకున్నాను.

కాఫీ పట్టుకుని ఒక ముసలాయన వచ్చాడు. "తెలుగువారా అంకుల్? టిష్యూ పెడితే సీటు నాదని అర్థం లా! చోప్ అంటాం" అన్నాడు, ఆ ఊరి అలవాటుగా 'అంకుల్', 'లా' తగిలిస్తూ.

మాటలు కలిస్తే తేలింది, ఆయన ముత్తాత కూడా ద్వీపాంతరం వచ్చినవాడేనట! ఉబ్బిపోయి, మా కత్తి కథ రెండింతలు చేసి వినిపించాను.

ఆయన కాఫీ ఊదుకున్నాడు. "ఇక్కడ అందరి తాతలూ దొరల్ని ఎదిరించినవాళ్లే అంకుల్. మరి మన ఊళ్లలో గేదెల్ని తోలుకుపోయింది ఎవరు?"

ఆ ఉదయమే పాత రికార్డుల్లో చదివింది ఇక దాగలేదు. "మావాడేనండీ. రెండు గేదెలు. కత్తి నేను కల్పించిందే."

ఆయన లేచి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "మావాడిది ఒక్క మేక! పెద్ద వంశం మీది. కూర్చోండి, ఇంకో టిష్యూ తీసుకోండి."