పట్టికలో మొదటి పేరు

ఆ రోజుల్లో అమీర్‌పేటలో బస్సు దిగిన ప్రతి కుర్రాడికీ ఒక 'ప్రాజెక్టు' ఉండి తీరాలి. (ఉద్యోగం సంగతి తర్వాత.) మా కంప్యూటర్ కోచింగ్ సెంటర్‌లో అందరి ప్రాజెక్టూ ఆసుపత్రి లెక్కల ప్రోగ్రామే కాబట్టి, ఎంతమందిమి ఉంటే అన్ని ఆసుపత్రులు కంప్యూటర్లలో నడిచేవి, ఒక్కదాంట్లోనూ రోగికి నయమైన దాఖలా లేదు. నాకెందుకో రోషం వచ్చి, నేను జాతీయ ఫుట్‌బాల్ లీగ్ చరిత్ర చేస్తానన్నాను. కాకినాడ నుంచి వచ్చిన నాకు ఆ ఆట గురించి తెలిసింది బంతి గుండ్రంగా ఉంటుందని మాత్రమే. నా ధైర్యమంతా పంజాగుట్టలో మేం అద్దెకున్న ఇంటి ఓనరు గోల్ అంకుల్‌ని చూసుకునే. వయసులో ఉన్నప్పుడు ఊరి జట్టుకు ఆడిన మనిషి. టీవీలో మ్యాచ్ వస్తే ఆయన కేక వీధి చివర ఇస్త్రీ బండి దాకా వినిపించేది, అందుకే ఆ పేరు.

అంకుల్ నన్ను ఇరానీ హోటల్లో కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టారు. "రాస్కో బేటా. దేశం మొత్తానికి ఒక్క లీగ్ పెట్టిన్రు. మొదలు కప్పు పంజాబ్‌కు పోయింది. తర్వాత చూడు, అయితే కలకత్తా, లేకుంటే గోవా."

"మరి మన హైదరాబాదు అంకుల్?" అన్నాను, పెద్ద తెలివైనవాడిలా.

ఆయన చాయ్ కప్పు కింద పెట్టేశారు. "లేదు. ఒకప్పుడు దేశం టీమ్‌ల మస్తుమంది మనోళ్ళే ఉంటుండె. గిప్పుడు లీగ్‌ల మన ఊరి పేరే లేదు. నేను పోయేలోపట ఒక్కసారి గా పాయింట్ల పట్టికల మన పేరు చూస్తే చాలు. గెలవకున్నా ఫికర్ లేదు."

ప్రోగ్రాం రాశాక అది పనిచేస్తోందో లేదో చూడటానికి నోటికొచ్చిన పేర్లు, చేతికొచ్చిన అంకెలు వేసి చూడటం మా విద్యలో ఆచారం. బస్సు బోర్డుల మీద రోజూ చూసే పేరు కదా అని 'హైదరాబాద్' అని కొట్టి, పాయింట్లు దోసిళ్ళతో పోశాను. సార్‌కి చూపించే ముందు తీసెయ్యాలి. మరిచిపోయాను. ప్రాజెక్టు చూపించే రోజు అంకుల్ కూడా వచ్చారు, మండుటెండలో పాత జట్టు కోటు వేసుకుని మరీ!

సార్ మీట నొక్కగానే పట్టిక వచ్చింది. అన్నిటికంటే పైన హైదరాబాద్. అంకుల్ 'గోల్' అని అరుస్తారనుకున్నాను. అరవలేదు. లేచి వచ్చి, కళ్ళద్దాలు తుడుచుకుని, ఆ పేరు మీద వేలు పెట్టారు.

"ఎప్పుడు చేర్చుకున్రు? నాకెవ్వరు చెప్పలే?"

"శాంపిల్ డేటా అంకుల్. ఊరికే వేసి చూశానండీ."

వెనక బెంచీలో ఎవడో కిసుక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకున్నాడు.

"అంటే అబద్ధమా?"

"అవునండీ."

"గట్లయితే తీసెయ్ బేటా. ఆడకుండ గెలిచిన కప్పు మనకొద్దు." నేను కీబోర్డు మీద చెయ్యి వేయగానే ఆయనే మళ్ళీ, "జర ఆగు. కొంచెంసేపయినంక తీద్దువు" అని కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చున్నారు. తర్వాతి బ్యాచ్ వాళ్ళు గుమ్మంలో నిలబడే ఉన్నారు. సారే వెళ్ళి ఆయనకు చాయ్ తెచ్చారు.

అంకుల్ పోయిన చాలా ఏళ్ళకు, లీగ్ పేరూ రూపూ మారాక, మన ఊరికీ ఒక జట్టు వచ్చింది. ఒక సాయంత్రం అమీర్‌పేటలో మెట్రో ఎక్కి ఫోను తెరిస్తే పట్టికలో అన్నిటికంటే పైన హైదరాబాద్. నెరిసిన జుట్టుతో, ఇంత సర్వీసు చేసినవాణ్ణి, ఏ కుర్రాడో శాంపిల్ డేటా తీయడం మరిచిపోయాడేమోనని మళ్ళీ మళ్ళీ రిఫ్రెష్ కొట్టాను. పేరు కదల్లేదు. కళ్ళు తడిశాయి, నా వెర్రికి నవ్వూ వచ్చింది. అంకుల్ తరఫున కొంచెంసేపు చూద్దామని అలాగే కూర్చున్నాను. తలెత్తేసరికి నేను దిగాల్సిన పంజాగుట్ట దాటిపోయింది.