అయ్యగారి ఇంటి సంగతి, పోయినేడులాగే

1984 మార్చిలో నన్ను మా పెన్షన్ ఆఫీసులో ముందస్తు విరమణ దరఖాస్తుల విభాగానికి మార్చారు. డెట్రాయిట్ దగ్గర ఒక ప్రొటెస్టెంట్ సమాఖ్యకు చెందిన ఆఫీసు అది. నా హోదా సీనియర్ ఎగ్జామినర్. జూనియర్ అనేవాడు ఎవడూ లేడు.

అమెరికాలో పాస్టర్లకు వచ్చేది రెండు భాగాలు: జీతం, ఇంటి భత్యం. దీన్నే హౌసింగ్ అలవెన్స్ అంటారు. ఇంటికి ఖర్చయినంత మేరకు దీనిమీద ఆదాయపన్ను లేదు. కానీ ఆ మొత్తం ఎంతో సంఘ కమిటీ ముందుగానే తీర్మానించి మినిట్స్‌లో రాసుకోవాలి. మా పెన్షన్ లెక్క ఈ రెండూ కలిపిన మొత్తం మీద ఉండేది. అరవై రెండుకే విరమిస్తే, అరవై అయిదుకు తక్కువైన ప్రతి ఏడాదికీ కొంత కోత. ఇంటి భత్యం లెక్కలోకి రాకపోతే, అసలే చిన్నదైన పెన్షన్‌కు ఈ కోత కూడా తోడవుతుంది.

ఏప్రిల్‌లో నా ముందుకు వచ్చిన ఫైలు మా తెలుగు సంఘం పాస్టరు దైవసహాయం గారిది. అందరం ఆయన్ని అయ్యగారనే వాళ్లం. గ్లకోమా వల్ల ఆయనకు పక్కచూపు పోతోంది. సంఘస్థులేమో ట్రాయ్ నుంచి యాన్ ఆర్బర్ దాకా చెల్లాచెదురుగా ఉన్నారు, ఇంటి ప్రార్థనలకు ఆయనే డ్రైవ్ చేసుకుని వెళ్లాలి. ఆ చలికాలంలో రోడ్డు పక్కనున్న ఒకే మెయిల్‌బాక్సును రెండు వారాల్లో రెండుసార్లు కారుతో పడగొట్టారు. సొంత ఇల్లు లేదు. పెన్షన్ అద్దెకు చాలకపోతే, అరవై అయిదు నిండేదాకా ఇంకో మూడేళ్లు ఆ చూపుతోనే కారు నడపాలి.

ఫైల్లో ఎనిమిదేళ్ల వార్షిక ఫారాలున్నాయి. ఎనిమిదింట్లోనూ ఇంటి భత్యం గడిలో సున్నా.

సొంత సంఘం ఫైలు చూడకూడదన్నది మా నియమం. అదే రోజు దాన్ని మా సూపర్‌వైజర్ మిసెస్ హార్పర్‌కు అప్పగించాను. సంఘం మినిట్స్ చూపించి, ఆ భత్యం మీద పెన్షన్‌కు కట్టని బకాయి చందా కడితే పాత ఏళ్లు సవరిస్తామని, గడువు అరవై రోజులని ఆమె చెప్పింది. ఇక నేను చేయగలిగిందల్లా సంఘ సభ్యుడిగా, శనివారాల్లో.

మొదటి శనివారం అయ్యగారిని వెంటబెట్టుకుని కోశాధికారి సుధాకర్ ఇంటికి వెళ్లాను. సుధాకర్ కార్ల కంపెనీలో ఇంజనీరు, మనిషి నిజాయితీపరుడు.

“ట్యాక్సే లేనిదాన్ని ఫారంలో ఎందుకు చూపించాలండీ? చూపిస్తే వాళ్లకి ఐడియా ఇచ్చినట్టు కాదూ?” అన్నాడు.

“ఆ ఫారం ట్యాక్స్ వాళ్లకి కాదండీ, మాకు” అన్నాను.

“మీకా? మరి మీరెప్పుడూ చెప్పలేదే.”

మినిట్స్ చూద్దామన్నాను.

మినిట్స్ పుస్తకాలు తీశాడు. తెలుగులో, మంచి దస్తూరీలో ఉన్నాయి. 1976కు భత్యం అంకె వేసి స్పష్టంగా రాసి ఉంది. ఆ తర్వాత ప్రతి డిసెంబరులోనూ ఒకే వాక్యం: ‘అయ్యగారు కాఫీ చూసి వస్తానని వెళ్లారు. అయ్యగారి ఇంటి సంగతి, పోయినేడులాగే.’ ఆయన ఎదుట ఆయన డబ్బు గురించి మాట్లాడటం అమర్యాద. ఆయన లేనప్పుడు అంకె పలకడం అంతకంటే అమర్యాద. బలపరచినవారు అన్నచోట అయిదేళ్లు నా పేరే ఉంది. ఇదే లోపానికి ఊరూరి సంఘాల ఫారాలను పగలంతా తిప్పి పంపే ఉద్యోగం నాది.

“ఎనిమిదేళ్లు కాఫీ చూడ్డానికి వెళ్లాను బాబూ. ఒక్కసారీ బాగోలేదు” అన్నారు అయ్యగారు.

1979కి మాత్రం పేజీ ఖాళీ. ముందు డిసెంబరులో మంచు పడి మీటింగు జరగలేదు, ఫోన్లలో అనుకున్నాం.

సుధాకర్ పెన్ను తీశాడు. “జరిగిన మాటే కదండీ. ఇప్పుడు రాసేస్తే పోలా?”

అయ్యగారు పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నారు. “వద్దు సుధాకర్. జరగని మీటింగుకి నేను అధ్యక్షత వహించలేను.”

మిగిలిన పేజీలను యూనివర్సిటీలో ఒక తెలుగు ప్రొఫెసర్ చేత అనువదింపజేసి, ప్రమాణపత్రం జతచేశాం. భక్తుల రికార్డులో ఇంత కాఫీ ఏమిటని ఆయన అడిగారు. బకాయి చందాకు సంఘస్థులు మూడు ఆదివారాలు కానుకలు పట్టారు.

యాభై మూడో రోజున మిసెస్ హార్పర్ నన్ను సాక్షిగా పిలిచింది. ‘పోయినేడులాగే’ అంటే తీర్మానమేనా అన్నది ప్రశ్న. ఒక్కో ఏడాదీ వెనక్కి నడిచి 1976 అంకె దాకా చేరవచ్చని చూపించాను. 1979 ఖాళీ అయినప్పుడు, 1980లో ‘పోయినేడులాగే’ అన్న మాట ఎలా నిలుస్తుందని అడిగింది. 1979లో కూడా పాత మొత్తమే చెల్లించిన చెక్కులు చూపించాను. అవి చెల్లింపుకు రుజువే గానీ తీర్మానానికి కాదని 1979ని కొట్టేసి, మిగతా ఏడేళ్లు ఒప్పుకుంది. తర్వాత బలపరచినవారి పేరు చదివి, కళ్లద్దాల మీంచి నన్ను చూసి, ఫైలు మూసేసింది. ఆ ఏడాది నాకు జీతం పెరగలేదు. రెండింటికీ సంబంధం ఉందని నేననను.

ఆగస్టులో పెన్షన్ మొదలైంది. అద్దెకు సరిపోయింది, కొద్దిగా మిగిలింది కూడా. అయ్యగారు కారు అమ్మేశారు. 1979 మాత్రం ఆయన పెన్షన్‌లోకి ఎప్పటికీ రాలేదు.

ఆ డిసెంబరు మీటింగులో కొత్త పాస్టరు కాఫీకని లేవబోతే కూర్చోమన్నాను. ఆయన ఎదుటే అంకె చదివి ప్రతిపాదించాను. అందరూ నేల చూస్తూనే చేతులెత్తారు. అంకె పలకడం అమర్యాద అనుకునే చోట ఆ మర్యాదకయ్యే ఖర్చు పాస్టరు ముసలితనంలో కడతాడు. ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది అదే, అదీ ఆలస్యంగా.