మిరపనారు

మాచర్ల నుంచి నరసరావుపేట వెళ్ళే బస్సులో పేపరు చదువుతున్నాను. ఈ ఏడాది బొగ్గు కరెంటు తగ్గించి సోలార్ పెంచామని విద్యుత్ సంస్థ ప్రకటించింది. పక్కసీటు పెద్దాయన ఒళ్ళో తడిగుడ్డ చుట్టిన మిరపనారు ఉంది.

“మంచి వార్తే కదా, బాబాయ్?” అన్నాను.

“మంచిదే అబ్బాయ్. నేను కౌలుకు చేసే చేలో ఇక కరెంటే పండిద్దంట. సోలారోళ్ళకిచ్చేశానని ఆసామి ఇందాకే ఫోన్ చేశాడు, నేను నారు కొన్నాక.”

“వేరే చేను దొరకదా?”

“ఈ అదునులో ఎవడిస్తాడు? రేపు నాటెయ్యాలని మా ఇంటిది కూలోళ్ళను పిలిచి కూర్చుంది. దానికేందని చెప్పను?”

తాగే నీళ్ళు నారు మీద చిలకరించాడు.

“నకరికల్లు! పెద్దాయనా, దిగు!” కండక్టర్ అరిచాడు.

ఆయన లేవలేదు. నరసరావుపేటకు ఇంకో టికెట్ అడిగాడు.