విదోసావ గిన్నె మూగబోయిన వారం

విదోసావ వంటింట్లో పెద్ద ఎనామిల్ గిన్నె ఒకటుంది. ఏడాదిపాటు రోజూ సాయంత్రం ఏడున్నరకి, సర్కారు టీవీలో వార్తలు మొదలవగానే, కిటికీ తెరిచి ఆ గిన్నెను గరిటెతో దబదబా బాదింది. ఆ అబద్ధాలు వీధిలో ఎవరి చెవినా పడకూడదని ఆమె పంతం. మొదట్లో వీధి వీధంతా బాదేది. పోనుపోను ఒక్కొక్కరే కిటికీలు మూసుకున్నారు. ఈమె మాత్రం జ్వరంలో కూడా మానలేదు.

పోయిన ఆదివారం పట్టణ ఎన్నికల్లో మళ్లీ ఆ ఏలేవాళ్లే గెలిచారు. విదోసావ గరిటె సొరుగులో పడేసి మంచమెక్కింది. కుట్టుమిషను మీద దుమ్ము పేరుకుంది. ఫోను మోగినా తీసేది కాదు. ఇంకా ఎందుకు బతికున్నానో తెలియడం లేదని పిల్లితో చెప్పుకుంది.

అలాంటి వారంలో పునీత నికోలా దినం వచ్చింది. పోయిన మగని తాతల నాటి నుంచీ అది ఆ ఇంటి పండగ. దానికి ఎవరినీ పిలవరు, వచ్చినవాళ్లను పగవాళ్లయినా కాదనరు. వచ్చినవాళ్లు నిలబడే చెంచాడు తీపి గోధుమలు తిని, ఆ ఇంట్లో పోయినవాళ్లను తలుచుకుని, ఆ తర్వాతే కూర్చుంటారు. ఈసారి ఆమె గోధుమలు ఉడికించలేదు, కొవ్వొత్తి వెలిగించలేదు. నా గడప ఎవరు తొక్కుతారులే అనుకుంది.

సాయంత్రం తలుపు తట్టింది మిలుంక. పై అంతస్తు మనిషి, విదోసావ కూతురికి బాప్తిస్మంలో జ్ఞానతల్లిగా నిలబడింది. కొడుక్కి తపాలా ఆఫీసులో ఉద్యోగం కోసం ఏలేవాళ్ల పార్టీలో చేరింది. "అమ్ముడుపోయిన మొహం మళ్లీ నాకు చూపించకు" అని విదోసావ ఆమెను మెట్ల మీద పదిమందిలో కడిగేసింది. అప్పటి నుంచీ మాటల్లేవు.

మిలుంక వైను సీసాతో లోపలికొచ్చి నిలబడిపోయింది. కూర్చోదు.

"గోధుమలేవి వదినా?"

"లేవు. ఏడాది గొంతు చించుకున్నాను, ఏమైంది? మట్టి! మీరే గెలిచారుగా, పోయి పండగ చేసుకోండి."

"ఏం గెలిచాం, నా బొంద! లిఫ్టు ఇంకా పాడయ్యే ఉంది. ఈ మోకాళ్లతో మెట్లు దిగి వచ్చాను. మీ ఆయన్ని తలుచుకోనివ్వకుండానే పంపేస్తావా?"

విదోసావకు నవ్వు రాలేదు. గోధుమల డబ్బా చూపించింది. వాటికి సరిపడేది ఇంట్లో ఆ ఎనామిల్ గిన్నె ఒక్కటే. మిలుంక దాని సొట్టలు తడిమి చూసి పొయ్యి మీద పెట్టింది.

"మెట్ల మీద నువ్వన్నది నిజమే. నిజమైతే మాత్రం పదిమందిలో అంటావా?"

"పదిమందిలో అనకుండా ఉండాల్సింది. కానీ ఆ మాట వెనక్కి తీసుకోను."

"తీసుకోమని ఎవరన్నారు?"

ఏడున్నరైంది. గోడల వెనక టీవీలు మొదలయ్యాయి. విదోసావ చెయ్యి తనంతట తనే గిన్నె వైపు వెళ్లింది. అందులో గోధుమలు కుతకుత ఉడుకుతున్నాయి.

"ఇవాళ్టికి ఆగు, రేపు ఖాళీ అవుతుందిగా," అంది మిలుంక. "ఏడాదిగా ఆ చప్పుడుకి నిన్ను తిట్టని రోజు లేదు. ఈ వారం అది వినపడకపోయేసరికి, నేలకి చెవి ఆనించి పడుకున్నాను తల్లీ. బతికున్నావో లేదోనని."

విదోసావ అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే సొరుగులోంచి గరిటె తీసి, గోధుమలు అడుగంటకుండా కలపసాగింది.