ఉడక్కముందే దించాలి

వదిన పట్టకారుతో గాజు కుప్పెను వేడినీళ్ల తొట్టిలోంచి తీసి మంచులో దించింది. లోపలి ద్రవం ఇంకా పలచగానే ఉంది. మెథనాల్‌లోకి సన్నటి ధారగా వంచితే చిటికెడు తెల్లటి పీచు విడిపడింది. ఆవిడకు కావలసింది అంతే.

ల్యాబులో అందరూ ఆవిడను వదిన అనే పిలుస్తారు. అసలు వరస మాత్రం పక్కన నిలబడ్డ ఆడపడుచుదే.

జిగురుకు ముడిసరుకైన చిన్న అణువులు, అంటే మోనోమర్లు, రెండు రకాలు కలిపి వేడిచేస్తే గొలుసులా అల్లుకుంటాయి. ఏది ఎంత చురుగ్గా గొలుసులో చేరుతుందో తేల్చడమే ఈ గదిలో పని. పాళ్లు మార్చి కలపాలి, పీచు పుట్టగానే ఆపాలి, అందులో ఏది ఎంతుందో కొలవాలి. ఆ అంచనా తప్పితే కింద ఫ్యాక్టరీలో పెద్ద పాత్రలో కాచే జిగురు పాడవుతుంది.

ఆ మోనోమర్ల ఆవిరి వదిన గొంతులో తిష్ఠవేసింది. కూర్చుంటే దగ్గు, పడుకుంటే దగ్గు. డాక్టరు గది మారమన్నాడు. కింద సామాను కౌంటరులో ఖాళీ ఉంది. మేనేజరూ కాదనలేదు. "మీ పని ఇంకొకరు సొంతంగా చేసి చూపించగానే వెళ్దురుగానమ్మా" అన్నాడు. అందుకే ఆవిడ ఆడపడుచుకు నేర్పింది.

పిల్ల చేతిలో ఒడుపు ఉంది. వంటింటి పొదుపే అడ్డొచ్చింది. అంత ద్రవం పోసి చిటికెడు పీచుతో ఆపడానికి మనసొప్పలేదు. కుప్పెలన్నీ గడ్డకట్టేదాకా ఉంచి, బోలెడు పీచు తీసి గర్వంగా చూపించింది. కొలిచి చూస్తే, ఏ పాళ్లలో పోసిందో ఆ పాళ్లే పీచులో ఉన్నాయి.

"బస్సు తలుపు తీయగానే ఎవరు దూరారో చూడాలే! అందరూ కూర్చున్నాక చూస్తే ఎవరు తొందరపడ్డారో ఏం తెలుస్తుంది?" అంది వదిన.

"పారబోస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది వదినా."

"నీ ఉసూరు సరే, నా గొంతు సంగతేంటి?"

ఈ అంచనా కోసం కింద పాత్ర ఆగి ఉంది. వదినే మళ్లీ మొదటినుంచి చేసుకొచ్చింది. ఇప్పుడు మంచులో దించింది ఆఖరి కుప్పె.

"ఇవి నేనే చేశానని చెప్పు. నువ్వు కిందకి పోతావు" అంది ఆడపడుచు మెల్లగా.

వదిన తెరుచుకోని కిటికీ వైపు చూసింది.

"తర్వాతి మోనోమర్ల జత నీ చేతిలో పెడతారు. అప్పుడు?"

"ఈసారి ముందే ఆపుతా, ఒట్టు."

"ఒట్టేసుకుంటే వచ్చే పనైతే నేనెప్పుడో పోయేదాన్ని."

పీచు కడిగి, ఆరబెట్టి, కొలిచి, గ్రాఫు మీద చుక్కలు పెట్టింది. అన్నీ గీతను అంటిపెట్టుకునే ఉన్నాయి. మొదటి మోనోమర్ తోసుకుపోయే రకం, రెండోది వెనకబడేది. పెద్ద పాత్రలో మొదటిదాన్ని ఒక్కసారిగా కాకుండా కొద్దికొద్దిగా పోయాలని గ్రాఫు అడుగున రాసింది.

మేనేజరు తలుపు దగ్గరికి వచ్చాడు. "మీ ఆడపడుచు చేసిందా?"

పిల్ల వదిన వైపు తిరిగింది.

"లేదండీ, నేనే. తనకింకా రాలేదు" అంటూ వదిన దగ్గు దిగమింగి, కాగితం అతని చేతిలో పెట్టింది.