పట్టికలో లేని జీవాలు

తెలంగాణ వచ్చిన రెండేళ్లకు నన్ను డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా చిట్యాల వైపు వేశారు. మొదటి వారమే పని అప్పజెప్పారు. హైదరాబాద్–విజయవాడ రహదారి మీద, గొర్రెల అంగడి జరిగే ఒక ఊరి దగ్గర వారం వారం బండ్లు ఎందుకు ఆగిపోతున్నాయో తేల్చి ప్రత్యామ్నాయం చెప్పాలి. బైపాస్ అంటే భూసేకరణకే ఏళ్లు పడుతుంది. అందుకని అంగడినే దూరంగా తరలిద్దామని పైనుంచి సూచన. నా నివేదిక అందడమే తరువాయి.

అంగడి రోజు పొద్దున్నే రోడ్డు పక్కన మనుషులను కూర్చోబెట్టి వాహనాల లెక్క తీయించాను. కారు, బస్సు, లారీ, ఎడ్లబండి, ఒక్కోదానికి ఒక్కో గడి. నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డంగా. ఆ లెక్క ప్రకారం రోడ్డు సాఫీగా సాగాలి. కళ్లముందు మాత్రం లారీల వరుస కదలడం లేదు. నాకు చిర్రెత్తుకొచ్చి, రాసేవాళ్ల మీద అరిచాను.

మందతో రోడ్డు దాటబోతున్న గొర్రెల కాపరి మల్లమ్మ నవ్వింది. "వాళ్లనెందుకు తిడ్తున్నవ్ సారూ? అన్నీ రాస్తున్రు గని మా జీవాలనైతే రాస్తలేరు. బండ్లు ఆగేది మాకోసమే గదా."

పట్టిక చూశాను. కాలినడకన వచ్చే మందకు అందులో గడే లేదు. సర్వీసంతా ఆ కాగితమే నింపించిన నాకు సిగ్గనిపించింది.

అంగడి దూరం పోతే ఏం చేస్తావని అడిగాను.

"అంత దూరం నడిపిస్తే జీవాలు బక్కపడ్తయి, ఎవలు కొంటరు? మందను తెగనమ్మి కూలికి పోవాలె. ఇంతకుముందు గీ రోడ్డు కిందున్న మోరీలకెల్లి దాటుతుంటిమి. మట్టి నిండింది. జర గది తీపియ్యి సారూ."

ఆమె చూపిన మోరీ మనిషి ఎత్తున కట్టిన కల్వర్టు. నడుం దాకా పూడిపోయింది. మా పటంలో అది వాననీటి దారి, అంతే. తరలింపు నివేదిక ఆపి, పూడికతీతకు అంచనా రాశాను. పై అధికారి గొణుగుతూనే రెండు వారాల గడువిచ్చారు. మోరీ ఖాళీ చేయించి, రెండు వైపులా మట్టితో వాలు కట్టించాను.

ఆ తర్వాతి అంగడికి మల్లమ్మ మందే ముందు మోరీలోకి దిగింది. చీకటి చూసి పొట్టేలు మొరాయించింది. ఆమె లోపలికి నడిచి పిలిచింది. మందంతా వెంట పోయింది. పైన లారీలు ఆగలేదు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

పెద్ద వాన పడితే మందలు ఇప్పటికీ పైనుంచే దాటాలి, ఆ రోజు బండ్లు ఆగుతాయి. అంగడి మాత్రం అక్కడే సాగుతోంది.

రిటైరయ్యేదాకా నేను గీయించిన ప్రతి పట్టికలో చివర పేరు లేని గడి ఒకటి ఉంచాను. అందులో ఏం రాయాలో రోడ్డు పక్కన నిలబడ్డవాళ్లను అడిగాకే లెక్క మొదలుపెట్టేవాణ్ణి.